రంగు చూసి వైరు కలపమని రాయకు

చెల్లెమ్మకు,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఎలక్ట్రిక్ సైకిల్‌కు కొత్త హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండే మోటార్) వేస్తే, దాని కనెక్టర్ పాత కంట్రోలర్‌కు (బ్యాటరీ కరెంటును మోటార్‌కు అందించే పెట్టెకు) కుదరకపోతే ఏం చేయాలన్నది నువ్వు ఎంచుకున్న విషయం. చాలా అవసరమైన విషయం. చక్రం విప్పడం, బిగించడం ఎలాగో ఒకలా చేసేస్తారు. చివర్లో రెండు ప్లగ్గులూ చేతిలో పట్టుకున్నాక అవి ఒకదాంట్లో ఒకటి దూరవని తెలుస్తుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఆ సమయంలో అర్థమయ్యే తెలుగులో ఒక వ్యాసం దొరకడం ఎంత మేలో నాకు తెలుసు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు నాలుగో పేరా సంగతి. "పసుపును పసుపుతో, ఆకుపచ్చను ఆకుపచ్చతో, నీలాన్ని నీలంతో కలపండి, పని అయిపోతుంది" అన్నావు. ఆ వాక్యం తీసెయ్యి. నీ మోటార్ విషయంలో అలాగే జరిగి ఉండొచ్చు. కానీ వైర్ల రంగుల విషయంలో తయారీదారులందరూ పాటించే నియమం ఏదీ లేదు. మోటార్‌ను తిప్పే కరెంటు మోసే మూడు లావు ఫేజ్ వైర్లకు పసుపు, ఆకుపచ్చ, నీలం వాడటం బాగా అలవాటైన పద్ధతి. లోపల మోటార్ ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సార్ల నుంచి వచ్చే మూడు సన్నటి సిగ్నల్ వైర్లకూ అవే రంగులు, వాటితో పాటు 5 వోల్టులకు ఎరుపు, గ్రౌండ్‌కు నలుపు. ఇంతవరకూ చాలాచోట్ల కనిపిస్తుంది. అయితే ఒక కంపెనీ పసుపు వేసిన చోట ఇంకో కంపెనీ నీలం వేసి ఉండొచ్చు. నీ పాఠకుడి చేతిలో ఉన్నది వేరే మోటారు, వేరే కంట్రోలరు. నీకు దొరికిన జవాబు అతనికి పనికొస్తుందో లేదో మనకు తెలియదు. ఆ జవాబును నువ్వెలా కనుక్కున్నావో చెబితే మాత్రం తప్పకుండా పనికొస్తుంది. నీ వ్యాసం మొత్తాన్నీ ఆ దృష్టితో తిరగరాయాలి.

మొదట వైర్లు లెక్కపెట్టించు. మూడు లావువి, అయిదు సన్నవి ఉంటే అది హాల్ సెన్సార్లున్న మామూలు మోటారే. తొమ్మిదోది ఉంటే అది స్పీడ్ సెన్సార్‌ది కావచ్చు, మోటార్ వేడిని కొలిచే సెన్సార్‌ది కావచ్చు. తరచూ తెల్లగా ఉంటుంది. అదేదో తేలేదాకా దాన్ని దేనికీ కలపకుండా, కొనకు టేపు చుట్టి పక్కన పెట్టమని చెప్పు. స్పీడ్ వైరు కలపకపోయినా మోటార్ తిరుగుతుంది. డిస్‌ప్లేలో వేగం సున్నా చూపించడమో, ఎర్రర్ కోడ్ రావడమో జరగొచ్చు. ఇది ముందే చెబితే పాఠకుడు మోటారే పాడైందని కంగారుపడడు.

ఇక ఎరుపు, నలుపు. వీటి గురించి నువ్వు ఒక్క ముక్క రాశావు, నేనైతే ఒక పేరా రాస్తాను. సిగ్నల్ వైర్లు అటూ ఇటూ అయితే మోటార్ సరిగ్గా తిరగదు, అంతే. సర్దుకోవచ్చు. ఆ 5 వోల్టుల లైన్ మీద పొరపాటున బ్యాటరీ వోల్టేజో ఫేజ్ వైరో తగిలిందా, హాల్ సెన్సార్లు, కంట్రోలర్ రెండూ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే మోటార్ తగిలించకముందే కంట్రోలర్ వైపు ప్లగ్‌లో ఏ పిన్ను మీద 5 వోల్టులు వస్తున్నాయో, ఏది గ్రౌండో మల్టీమీటర్‌తో చూసుకోమని రాయి. ఎర్రగా ఉంది కాబట్టి ఇదే 5 వోల్టులు అనుకునే అవకాశం పాఠకుడికి ఇవ్వకు.

ఆ తర్వాత హాల్ సెన్సార్ల పరీక్ష. ఫేజ్ వైర్లు మూడూ విడిగా, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. హాల్ వైర్లు మాత్రం కలిపి, కంట్రోలర్ ఆన్ చేసి, మల్టీమీటర్ నల్ల మొన గ్రౌండ్ మీద, ఎర్ర మొన ఒక సిగ్నల్ మీద పెట్టి చక్రాన్ని మెల్లగా చేత్తో తిప్పాలి. రీడింగ్ సున్నా దగ్గరికి, 5 దగ్గరికి మారుతూ ఉంటే ఆ సెన్సార్ బాగున్నట్టే. మూడింటికీ ఇలాగే. ఇక్కడ నువ్వు వదిలేసిన సంగతి ఒకటుంది. లోపల గేర్లున్న మోటార్‌లో క్లచ్ ఉంటుంది, చక్రం ముందుకు తిప్పితే లోపలి మోటార్ కదలదు. వెనక్కి తిప్పాలి. ఇది తెలియని మనిషి ముందుకే తిప్పి, రీడింగ్ మారడం లేదని మంచి మోటార్‌ను పక్కన పడేస్తాడు.

ఇప్పుడు అసలు చిక్కు, ఏ ఫేజ్ వైరు దేనికి అన్నది. మూడు ఫేజ్ వైర్లను 6 రకాలుగా కలపొచ్చు, మూడు హాల్ సిగ్నళ్లను 6 రకాలుగా. మొత్తం 36. నువ్వు "36 రకాలూ ప్రయత్నించి చూడండి" అని వదిలేశావు. చదివినవాడు అక్కడే చేతులెత్తేస్తాడు. ఆ 36లో మోటార్ చక్కగా తిరిగేవి 6. వాటిలో మూడు ముందుకు, మూడు వెనక్కి. హాల్ వైర్లను కదిలించకుండా ఉంచితే 6 ఫేజ్ వరసల్లో సరైనది ఒక్కటే ఉంటుంది. అది ముందుకు తిప్పితే పని పూర్తయినట్టే. వెనక్కి తిప్పితే హాల్ సిగ్నళ్లలో ఏవైనా రెండింటిని తారుమారు చేసి, ఫేజ్ వైర్లతో మళ్లీ ఆ 6 వరసలూ చూడాలి. అంటే ఎంత దురదృష్టవంతుడికైనా 12కు మించవు. ప్రతి వరసనూ కాగితం మీద రాసుకుంటూ, చూసిన దాన్ని కొట్టేస్తూ పోమని చెప్పు. వరస మార్చే ప్రతిసారీ కరెంటు ఆపాలని కూడా చెప్పు.

అయితే సరైనది ఎలా ఉంటుందో, తప్పుది ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ లెక్కంతా వృథా. తప్పు వరసల్లో కొన్నిటికి చక్రం కదలదు, గుంజుకుని ఆగిపోతుంది. అవి సులువుగానే తెలుస్తాయి. ప్రమాదమల్లా తిరిగే తప్పు వరసలతోనే. స్టాండ్ మీద బరువేమీ లేదు కాబట్టి చక్రం తిరుగుతుంది, పాఠకుడు సంబరపడతాడు. కానీ గరగరమని చప్పుడు వస్తుంది, మోటార్ త్వరగా వేడెక్కుతుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. సరైన వరసలో మోటార్ నున్నగా తిరుగుతుంది, బరువు లేనప్పుడు సాధారణంగా ఒకటి రెండు ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. డిస్‌ప్లేలో వాట్లు చూపించే సైకిల్ అయితే ఆ అంకె చూసుకోమను. థ్రాటిల్ (యాక్సిలరేటర్) కొంచెమే, రెండు మూడు సెకన్లే. గేర్ల మోటార్ విషయంలో ఇంకో మాట కూడా కావాలి. లోపల మోటార్ వెనక్కి తిరుగుతుంటే క్లచ్ వల్ల చక్రం నిలిచిపోయే ఉంటుంది, శబ్దం మాత్రం వినిపిస్తుంది. అది పాడైన మోటార్ కాదు, దిశ మారిన మోటార్.

కొన్ని కంట్రోలర్లకు సెల్ఫ్ లెర్నింగ్ వైర్ల జత ఉంటుంది. వాటిని కలిపితే కంట్రోలరే సరైన వరస కనుక్కుంటుంది, చక్రం ముందుకు తిరుగుతున్నప్పుడు విడదీయాలి. ఆ సదుపాయం ఉన్నవాళ్లకు పై శ్రమంతా అక్కర్లేదు కాబట్టి, ఈ సంగతిని చివర్లో కాకుండా 36 లెక్క కంటే ముందు పెట్టు.

కనెక్టర్ల దగ్గర నీ అభిప్రాయం గట్టిగా చెప్పలేదు. చెప్పాలి. మోటార్ కేబుల్ ఇరుసు లోపలి నుంచి వస్తుంది, దాన్ని మార్చాలంటే మోటార్ విప్పాలి. కనుక కోయక తప్పకపోతే కంట్రోలర్ వైపే కోయాలన్నది నా మాట. వీలైతే ఏదీ కోయకుండా, ఒక కొనకు మోటార్ ప్లగ్గు, ఇంకో కొనకు కంట్రోలర్ ప్లగ్గు సరిపోయేలా మధ్యలో చిన్న కేబుల్ చేసుకోవడం ఇంకా మేలు. ఫేజ్ వైర్లలో 15, 20 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతాయి. వాటిని మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు. బుల్లెట్ కనెక్టర్లు సరైన పనిముట్టుతో క్రింప్ చేసి (నొక్కి బిగించి), పైన హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయాలి. సోల్డరింగ్ చేస్తే అతుకు పక్కన వైరు బిరుసెక్కుతుంది, సైకిల్ కుదుపులకు అక్కడే తెగుతుంది. సోల్డర్ చేసినవాళ్లు ఆ భాగం కదలకుండా కట్టుకోవాలి. తొమ్మిది పిన్నుల వాటర్‌ప్రూఫ్ ప్లగ్గుల్లో చిన్న సైజు, పెద్ద సైజు రెండూ ఉన్నాయి. పిన్నుల లెక్క కలిసింది కదా అని బలవంతంగా దూర్చొద్దని, బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి తిప్పకుండా నేరుగా నొక్కాలని రాయి.

జాగ్రత్తలన్నీ మొదట్లో ఒక పెట్టెలో పెట్టావు. అది బాగుండలేదు. పాఠకుడు ఒక వాక్యం చదివి ఒక పని చేస్తాడు, మళ్లీ చదువుతాడు. "బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచి, కంట్రోలర్ కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్ పోనివ్వండి" అన్న మాట, వైరు కోయమనే వాక్యానికి సరిగ్గా ముందు ఉండాలి. బ్యాటరీ కొలిచే చోట, 36 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 42, 48 వోల్టులది 54.6 చూపిస్తుందని రాయాలి. లేకపోతే అంకె ఎక్కువ వచ్చిందని అతను అక్కడే ఆగిపోతాడు.

టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేమ్‌కు బిగించే లోహపు పట్టీ) గురించి అసలు రాయలేదు. మోటార్ చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తోస్తుందో, ఇరుసును అంత బలంగా వెనక్కి తిప్పాలని చూస్తుంది. ఇరుసుకు రెండు వైపులా ఉన్న చదును భాగాలు ఫ్రేమ్ గాడిలో పట్టు తప్పితే ఇరుసు గిర్రున తిరిగి కేబుల్‌ను తెంపేస్తుంది. మనం ఇంతసేపూ కష్టపడి కలిపిన వైర్లన్నీ ఒక్క క్షణంలో పోతాయి, నడిపే మనిషికి దెబ్బలు కూడా తగలొచ్చు. కాబట్టి ఇది వైర్ల వ్యాసమే అయినా ఆ పేరా ఉండి తీరాలి. కేబుల్ ఇరుసులోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా కట్టాలని కూడా అక్కడే చెప్పు, వాన నీరు లోపలికి పోకుండా కిందికి కారిపోతుంది.

తిరగరాశాక, ఈ పని ఎప్పుడూ చేయని వాళ్లెవరికైనా ఇచ్చి, సైకిల్ ముందు కూర్చుని చదవమను. నువ్వు పక్కనే ఉండు కానీ నోరు విప్పకు. వాళ్లు ఎక్కడ ఆగి నీ మొహం చూస్తారో అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. ఆ చోట్లన్నీ పూరించి నాకు పంపు. వ్యాసం మొత్తం అయ్యేదాకా ఆగక్కర్లేదు, టార్క్ ఆర్మ్ పేరా ముందు పంపినా చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య