దువ్వెన దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

అమెరికా కంపెనీ ఫోస్టర్ గ్రాంట్ చలువ కళ్లద్దాల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నీకు సమాచారం సేకరించే ఓపిక ఉంది, అది చాలా సంతోషం. కానీ మొదటి పేజీ నిండా హాలీవుడ్ తారలే. 1960ల్లో పీటర్ సెల్లర్స్, రాకెల్ వెల్చ్ ఆ జోడు పెట్టుకుని ప్రకటనల్లో కనబడ్డ సంగతి ముందే చెప్పేసి, ఆ కంపెనీ ఎలా పుట్టిందో చివర్లో నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. వ్యాసాన్ని తిరగెయ్యి. దువ్వెన దగ్గర మొదలుపెట్టు.

శామ్ ఫోస్టర్ 1919లో మసాచుసెట్స్‌లోని లెమిన్‌స్టర్‌లో కంపెనీ పెట్టినప్పుడు కళ్లద్దాల ఊసే లేదు. ఆయన చేసి అమ్మినవి సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ దువ్వెనలు, ఆడవాళ్లు కొప్పులో పెట్టుకునే అలంకారాలు. ఆ ఊరే దువ్వెనల ఊరు. 18వ శతాబ్దం నుంచి పశువుల కొమ్ములతో చేసేవాళ్లు, తర్వాత కొమ్ము స్థానంలోకి సెల్యులాయిడ్ వచ్చింది. 1920ల్లో అమెరికా ఆడవాళ్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం మొదలుపెట్టారు. కొప్పే లేనప్పుడు కొప్పులో దువ్వెన ఎవరిక్కావాలి? ప్లాస్టిక్ పని తెలిసిన మనుషులున్నారు, అమ్ముడుపోయే వస్తువు లేదు. ఒక సరుకు చచ్చిపోయి ఇంకో సరుకు పుట్టిన చోటు ఇది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది.

1929లో అట్లాంటిక్ సిటీ సముద్రపొడ్డున, చెక్క పలకల నడకదారి మీదున్న వూల్‌వర్త్ దుకాణంలో ఫోస్టర్ కళ్లద్దాలు అమ్మకానికొచ్చాయి. నువ్వు ఆ పేరు రాసి ముందుకెళ్లిపోయావు. వూల్‌వర్త్ అంటే ఐదు సెంట్లకీ పది సెంట్లకీ సామాన్లమ్మి పెద్దదైన దుకాణాల సంస్థ అని చెప్పకపోతే మన పాఠకుడికి అది ఉత్త శబ్దం. చెప్తే మాత్రం, సెలవురోజు సముద్రం చూడ్డానికొచ్చిన మామూలు మనిషి చిల్లర పెట్టి కళ్లద్దాలు కొనుక్కోవడం తనే ఊహించుకుంటాడు. ఆ మనిషికి పేరు పెట్టి, మాటలు కల్పించి రాయొద్దు. దుకాణం ఎలాంటిదో రాస్తే చాలు.

అసలు అంత చవగ్గా ఎలా చేయగలిగారు? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. కంపెనీ 1930ల మొదట్లో జర్మనీ నుంచి ఇంజెక్షన్ మౌల్డింగ్ మిషన్ తెప్పించింది. ప్లాస్టిక్ గుళికల్ని కరిగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి నెట్టి, చల్లారాక తీస్తే ఫ్రేము తయారు. ప్లాస్టిక్ రేకు కోసి, వంచి, ఆకురాయి పట్టే చేతిపని చాలావరకు తప్పింది. అచ్చు చేయించడానికి బోలెడు ఖర్చవుతుంది, దాన్లోంచి వచ్చే ఒక్కో ఫ్రేముకి మాత్రం చాలా తక్కువ. కాబట్టి అచ్చు ఖర్చు రావాలంటే వేలల్లో అమ్మాలి, వేలల్లో అమ్మాలంటే ధర తక్కువుండాలి. ఈ లెక్క నీకు పుస్తకంలో కన్నా కళ్లారా చూస్తేనే బాగా అర్థమవుతుంది. ఆటోనగర్ వైపు వెళ్లి, ప్లాస్టిక్ సామాను పోసే షెడ్డు ఒకటి వెతికి, వాళ్లు ఒప్పుకుంటే గంటసేపు నిలబడి చూడు. అచ్చు మూసుకునే చప్పుడు విన్నాక నీ వాక్యం మారుతుంది.

తారల సంగతి ఇప్పుడు రాయి. ఆ అద్దాల వెనకున్నది ఎవరో చెప్పుకోండి అన్నట్టు ప్రశ్న వేసి, ప్రసిద్ధుల ముఖాలు చూపించారు. చవక వస్తువు పెట్టుకున్న మామూలు మనిషిని కూడా జనం ఎవరో పెద్దవాళ్లేమో అనుకునేలా చేశారు. నా దృష్టిలో ఆ కంపెనీ అమ్మినవాటిలో గొప్పది అదే. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద చలువ కళ్లద్దాలు బేరమాడే కుర్రాణ్ణి చూడు. అద్దం నాణ్యత అడిగే ముందు చేతి అద్దం అడుగుతాడు. బెజవాడలో రాస్తున్న వ్యాసం కదా అని బీసెంట్ రోడ్డుని బలవంతంగా ఇరికించమనడం లేదు. ఆ ప్రకటన ఎందుకు పనిచేసిందో నీకు తెలియడం కోసం చెప్తున్నాను.

చవక గురించి రాసేటప్పుడు కంటి సంగతి మానెయ్యకు. అతినీలలోహిత కిరణాల్ని ఆపని నల్లద్దం పెట్టుకుంటే చీకటికి కంటిపాప పెద్దదై, ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోయే ప్రమాదం ఉంది. అలాగని చవకదంతా చెడ్డది కాదు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన అద్దం రంగు లేకుండానే ఆ కిరణాల్ని దాదాపు పూర్తిగా ఆపుతుంది. రెండూ రాయి, ఒకటి రాసి ఒకటి వదిలేస్తే పాఠకుడికి అన్యాయం.

రేబాన్‌తో పోలిక నువ్వు బాగా పట్టుకున్నావు కానీ సగంలో వదిలేశావు. రేబాన్ 1930ల్లో బాష్ అండ్ లాంబ్ అనే అమెరికా కంపెనీ పైలట్ల కోసం చేసిన అద్దాల్లోంచి పుట్టి జనంలోకి వచ్చింది, ఫోస్టర్ గ్రాంట్ చిల్లర కొట్లో మొదలై తారల దాకా ఎక్కింది. 1999లో రేబాన్‌ని ఇటలీ కళ్లద్దాల కంపెనీ లక్సోటికా కొన్నది. 2010లో ఫోస్టర్ గ్రాంట్ సొంతదారైన ఎఫ్‌జీఎక్స్ అనే కంపెనీని ఫ్రాన్స్ అద్దాల కంపెనీ ఎస్సిలార్ కొన్నది. 2018లో ఎస్సిలార్, లక్సోటికా ఒక్కటయ్యాయి. ఎదురెదురు దారుల్లో వచ్చిన రెండు జోళ్లూ ఒకే యజమాని చేతికి చేరాయి. దీన్ని విడి పేరాగా పెట్టు, వ్యాఖ్య ఏమీ అక్కర్లేదు.

ముందు వూల్‌వర్త్ పేరా ఒక్కటి మళ్లీ రాసి పంపు. అది కుదిరాక మిగతాది కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
గవర్నర్‌పేట, విజయవాడ