పాపకు ఎండ పడదు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మేనమామ కొడుకునే చేసుకున్నాను. పాపకు మూడేళ్లు. కంది చేలో అరగంట ఉంటే చాలు, ముఖం కందిపోయి బొబ్బలెక్కుతుంది. బుగ్గల నిండా నల్లమచ్చలు. జన్యు పరీక్షలో ‘ఎక్స్‌పీడీ’ లోపమని వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగానని అత్తగారు నన్నే అంటున్నారు. ఇప్పుడు మళ్ళీ రెండో నెల. ఈ బిడ్డకూ వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ గ్రహణం మాట మనసులోంచి తీసేయండి. మీ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

నేను కొత్తపట్నం తీరంలో పెరిగాను. పడవ తాడులో ఒక పాయ చివికితే మా తాత పైపైన ముడి వేసేవాడు కాదు. ఆ చోట రెండు చేతులతో పురి విప్పి, పాడైన పాయ కోసేసి, కొత్తది చేర్చి మళ్ళీ పేనేవాడు. మన డీఎన్‌ఏ కూడా రెండు పాయలు మెలిపడిన తాడే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందులో పక్కపక్కనున్న రసాయన అక్షరాలను అతికించేస్తాయి. కణం అక్కడ పురి విప్పి, ముప్పై అక్షరాల దాకా ముక్క కోసి, కొత్తది అల్లుకుంటుంది. పురి విప్పే ఎంజైములు హెలికేజ్‌లు. ఎక్స్‌పీడీ వాటిలో ఒకటి. పాపలో అది సరిగా పనిచేయక దెబ్బలు పేరుకుంటున్నాయి. మీరు రాసిన మచ్చలను బట్టి ఇది జీరోడెర్మా పిగ్మెంటోసమ్. చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ తెచ్చే జబ్బు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పూర్తిగా నయం చేసే మందు లేదు. ఎండ తగలనివ్వకపోవడమే కాపు. పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే టోపీ, నల్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పవు. కిటికీ అద్దం మూస్తే చాలనుకోవద్దు, కొన్ని కిరణాలు అద్దం దాటి వస్తాయి. ఎండ లేని లోటుకు డాక్టరు చెప్పిన మేరకు విటమిన్ డి ఇవ్వండి. మానని పుండు, కొత్త గడ్డ కనిపిస్తే ఒక్కరోజు ఆగకండి.

ఇక కడుపులో బిడ్డ. మీ దంపతులిద్దరిలో ఈ జన్యువుకు ఒక్కో లోపపు నకలు ఉంది, బహుశా మీ అమ్మమ్మ తాతయ్యల్లో ఒకరి నుంచి. ఆ రెండు నకళ్లూ బిడ్డకు చేరితేనే జబ్బు. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పాపకు వచ్చింది కాబట్టి ఈసారి రాదని లేదు. పదకొండో వారం నిండాక మాయ ముక్క తీసి పరీక్షించవచ్చు. అంతకుముందే మీ ఇద్దరి రక్తమూ చూడాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. పాప రిపోర్టు తీసుకుని ఈ వారమే వెళ్ళండి. రాత్రి బస్సే ఎక్కండి, పాపకు దారిలో ఎండ తగలదు.