ఆయన పని చూశాకే రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి డ్రాయింగు మాష్టారి మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఏ ఏడు ఎక్కడ ప్రదర్శన పెట్టారో, ఏ అవార్డు ఎప్పుడొచ్చిందో అన్నీ పోగుచేశావు. కష్టపడ్డావు, కాదనను. కానీ ఆయన బొమ్మ ఒక్కటీ నా కళ్ళకు కట్టలేదు.

‘ప్రింట్లు కూడా వేస్తారు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ పని తెలియని పాఠకుడు ప్రింటు అంటే జిరాక్సు అనుకుంటాడు. ఓ రోజంతా ఆయన పక్కన కూర్చో. ఎచింగ్ అంటే రేకు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి ప్రింటు తీసే పద్ధతి. దానికి జింకు రేకు మీద మైనం, తారు కలిసిన పూత పూస్తారు. ఆరాక సూదిమొనతో గీస్తే గీత పడినచోట రేకు బయటపడుతుంది. నీళ్ళు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ఉంచితే, యాసిడ్ ఆ గీతల్నే తింటుంది. సన్నగా బుడగలు లేస్తుంటే పక్షి ఈకతో వాటిని తోసేస్తూ కనిపెట్టుకుని ఉండాలి. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, కాగితం మీద అంత నలుపు. తర్వాత పూత కడిగేసి, గీతల్లోకి ఇంకు దట్టించి, పైపైన గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్సు రోలరు కిందికి పంపుతారు. బొమ్మ కుడిఎడమలు తారుమారై వస్తుంది. అంటే మీ రేవుని ఉన్నది ఉన్నట్టు చూపించాలంటే రేకు మీద తిరగేసి గీయాలి. ఏళ్ళ తరబడి అలా గీసిన చెయ్యి గురించి చెప్పు నాకు.

ప్రింటు కింద పెన్సిలుతో 3/15 అని ఉంటుంది. పదిహేను తీశారు, ఇది మూడోది. పదిహేనూ అసలువే. ‘మరి ఒరిజినల్ ఏదండీ?’ అని అడిగేవాళ్ళకి ఆయన ఏం జవాబు చెప్తారో, ప్రెస్సు కోసం ఎక్కడెక్కడ తిరిగారో, జీతం డబ్బులు రేకులకి పోతే ఇంట్లో ఏమనేవారో అడుగు. మొహమాటపడకు. మన వానాకాలం గాలికి కాగితానికి బూజు పడుతుంది కదా, పాత ప్రింట్లు ఎలా దాచారో కూడా చూడు.

‘గోదావరి లక్ష్మాగౌడ్’ అన్న బిరుదు కొట్టెయ్యి. ఇద్దరికీ అన్యాయమే. ప్రింట్లకి పేరుపడ్డ చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌గారు మెదక్ వైపు నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో చదివి, మళ్ళీ ఆ పల్లె మనుషుల్నీ మేకల్నీ తన గీతలోకి తెచ్చుకున్నారు. మీ మాష్టారిది నీళ్ళ మధ్య ఊరు, ఆయన గీత వేరు. పోలికే కావాలంటే మన రాజమండ్రి గ్యాలరీకి వెళ్ళి దామెర్ల రామారావుగారి బొమ్మల ముందు నిలబడు. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి. కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకున్నారు. మీ మాష్టారికి అలా చెయ్యందించిన వాళ్ళెవరు? నీ వ్యాసంలో ఆ పేరే లేదు.

1996 నవంబరు తుపాను తర్వాత ఆయన రంగులు మానేసి కొన్నాళ్ళు నలుపులోనే పనిచేశారని ఏడో పేజీలో రాశావు. అంత పెద్ద సంగతి ఏడో పేజీలోనా! కొబ్బరితోటలు కూలిన దుఃఖంతోనే అని నువ్వే తేల్చెయ్యకు. రంగులు కొనే స్తోమత లేకపోయిందేమో, అడుగు. అప్పటి ప్రింటు ఒకటి ముందు పెట్టుకుని, కనిపించింది కనిపించినట్టు రెండు పేజీలు రాసి నాకు పంపు. అవార్డుల జాబితా చివర్లో వేసుకుందువుగాని.

ఉంటాను.