కార్మికుల గోడచిత్రంలో ముందుగా సరిచూడవలసినవి చేతులు

మీ కార్మిక సంఘం భవనం గోడపై కార్మికుల చరిత్రను చిత్రించే పనిని పేరున్న చిత్రకారుడికి అప్పగించాలా, సభ్యులే కలిసి వేసుకోవాలా అని అడిగారు. కుంచె ఎవరు పట్టినా నాకు అభ్యంతరం లేదు. ఏమి వేయాలో, ఎలా వేయాలో తేల్చే అధికారం మాత్రం ఆ పని చేసినవారికే ఉండాలి.

నేను పాలుపంచుకున్న గోడచిత్రం నూలు మిల్లు కార్మికుల గురించినది. చిత్రకారుడు సమర్థుడే. ఆయన తెచ్చిన నమూనాలో ఒక స్త్రీ నూలు వడికే యంత్రమైన రింగు ఫ్రేము ముందు నిటారుగా నిలబడి, పూలమాల కడుతున్నంత తీరికగా రెండు చేతులతో పోగును పట్టుకుని ఉంది. మిల్లులో పనిచేసి విరమించిన ఒక పెద్దావిడ దాన్ని చాలాసేపు చూసి, "ఒక్క పోగు తెగిందని మిషను ఆపరు నాయనా" అన్నారు. ఆపైన లేచి నిలబడి, మోకాలితో ఒక్క కదురును మాత్రం అదిమి ఆపడం, కండె మీద తెగిన కొసను వెతికి పట్టడం, దాన్ని ట్రావెలర్ అనే చిన్న కొక్కెంలోంచి ఎక్కించి పైనున్న రోలర్ల దగ్గర అతికించడం, అంతా ఉత్త గాలిలోనే క్షణాల్లో చేసి చూపించారు. కనుబొమ్మల మీద దూది నుసి కూడా ఉండాలని పట్టుబట్టారు. బొమ్మ నడుము వంగి, మోకాలు ముందుకు వచ్చిన తరువాతనే, అంతవరకు మౌనంగా కూర్చున్న మిగతావారు సమ్మె నాటి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు.

పనిని దగ్గరుండి చూసి తెలుసుకునే ఈ శ్రమను గొప్ప చిత్రకారులు కూడా తప్పించుకోలేదు. 1932-33లో డెట్రాయిట్ కళామందిరంలో 27 ఫలకాల కుడ్యచిత్రం వేసిన డియేగో రివేరా, ముందుగా ఫోర్డ్ రూజ్ కర్మాగారంలో తిరిగి ఇంజన్ల తయారీని గీసుకున్నాడు. నలుగురూ కలిసి వేయడమూ కొత్త కాదు: లాస్ ఏంజెలెస్‌లో వరదనీటి కాలువ గోడపై చిత్రకారిణి జూడీ బాకా 1976లో మొదలుపెట్టిన సుదీర్ఘ చిత్రానికి వందలాది యువతీయువకులు పనిచేశారు.

నాకు మనస్తాపం కలిగించే విషయం మరొకటి ఉంది. గోడ సిద్ధమయ్యేసరికి ఒక నాయకుడి ముఖం మధ్యలో రావాలని, చందా ఇచ్చిన సంస్థ గుర్తు మూలన ఉండాలని ఒత్తిడి మొదలవుతుంది. మాకూ ఆ ఒత్తిడి వచ్చింది. జీవితమంతా యంత్రాల ముందు నిలబడినవారిని, చివరికి వారి చరిత్రలో కూడా గుంపుగా వెనక్కి నెట్టడం అన్యాయం. దయచేసి ఒప్పుకోకండి.

గోడ యాజమాన్యం సంగతి కూడా ముందే తేల్చుకోండి. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయంలో ఉన్న 11 ఫలకాల కార్మిక చరిత్ర చిత్రాన్ని 2011లో గవర్నర్ పాల్ లెపేజ్ తీయించేశారు. విడి ఫలకాలు కాబట్టి అవి నిలిచి, 2013లో రాష్ట్ర మ్యూజియంలో మళ్లీ జనం ముందుకు వచ్చాయి. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో రివేరా నేరుగా గోడపై వేసిన చిత్రాన్ని మాత్రం 1934లో పగలగొట్టారు. మీ భవనం అద్దెదైతే గోడ మీద కాకుండా పలకల మీద వేయించండి. సొంతదైతే, చిత్రాన్ని చెరపాలన్నా మార్చాలన్నా సర్వసభ్య సమావేశం ఆమోదం ఉండాలని ఇప్పుడే తీర్మానం రాయించి, అందులో మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలో కూడా చేర్చండి.