అమ్మను సైకిల్ మీద ఎక్కించుకునే ముందు

చి. రమ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

రోజూ పొద్దున మీ అమ్మను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నాచారం నుంచి హబ్సిగూడ మెట్రో దాకా దింపుతావట. దానికోసం ఆ లేడీస్ సైకిల్‌కు సీటు బిగిస్తున్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఆటోవాళ్లతో బేరం తప్పిందని మురిసిపోతూ చెప్పింది. నాకూ మురిపెంగానే ఉంది, మన ఇంట్లో ఆడపిల్ల పానా పట్టడం నీతోనే మొదలు. కానీ క్యారియర్ మీద దిండు కట్టేసి పని అయిపోయిందనుకునే తొందర మీ నాన్నకు ఉండేది, నీకూ వచ్చింది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దనాన్నా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా.

ముందు నీ ఎడమ మడమ మీది మచ్చ చూసుకో. నువ్వు బడికి కూడా వెళ్లని వయసులో, మీ నాన్న సైకిల్ వెనక కూర్చున్నప్పుడు కాలు చక్రంలో పడి అయిన మచ్చ అది. మీ నాన్న క్యారియర్ మాత్రం గట్టిదే, ఇనుప చువ్వలతో వెల్డింగ్ చేయించింది. ఇద్దరు మనుషులు ఎక్కినా వంగేది కాదు. కూర్చునే చోటు గురించి అంత ఆలోచించినవాడు కాళ్లెక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆలోచించలేదు. ఇప్పటికీ ఊరంతా చేసే తప్పు ఇదే.

కాలు చక్రంలో ఎలా పడుతుందో అర్థం చేసుకో, అప్పుడు ఏ రేకు ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. సైకిల్ ముందుకు పోతున్నప్పుడు చక్రం వెనక భాగం కిందినుంచి పైకి లేస్తుంది, పైభాగం ముందుకు వస్తుంది. వేలాడే కాలు స్పోకుల మధ్యకు జారిందంటే అవి దాన్ని పైకి, ముందుకు ఈడ్చుకుపోతాయి. సీటు నుంచి ఇరుసుకు దిగే సన్న పైపు ఉంది చూడు, మడమను దానికేసి అదిమేస్తాయి. చర్మం ఒలిచినట్టు లేస్తుంది, మడమ వెనకున్న స్నాయువుకు (టెండన్‌కు) కూడా దెబ్బ తగలొచ్చు. నిన్ను ఎక్కించుకున్నప్పుడు బరువు తక్కువ, సైకిల్ వెంటనే ఆగింది. నువ్వు, మీ అమ్మ, సైకిల్ కలిస్తే 140 కిలోల దాకా ఉంటుంది. అంత బరువు వెంటనే ఆగదు.

ఇక చీర. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు రెండు మీటర్లు పోతుంది. కొంగు రిమ్ము దగ్గర చిక్కితే ఒక్క చుట్టు పూర్తి కాకముందే మనిషి కింద ఉంటుంది. చున్నీ మెడకు చుట్టుకుని ఉంటే ఏమవుతుందో నేను రాయను. మోటార్ సైకిల్ శారీ గార్డు ఎడమవైపే ఉంటుందని నువ్వూ ఒక్కవైపే పెట్టకు. గాలికి కొంగు కుడివైపుకూ పోతుంది, అక్కడ చైన్ ఉంది. రెండువైపులా మడ్‌గార్డు అంచు నుంచి ఇరుసు దాకా కప్పాలి. అల్యూమినియం రేకు గానీ, 3 మి.మీ. పాలీకార్బొనేట్ షీటు గానీ అర్ధచంద్రాకారంలో కోయించు. అక్రిలిక్ వద్దు, బోల్టు రంధ్రం దగ్గర పగులుతుంది, పగిలిన ముక్క కత్తే. జాలీ వేస్తే చిటికెన వేలు దూరనంత సన్నది వేయి. స్పోకులకూ షీటుకూ మధ్య 10 మి.మీ. ఖాళీ ఉండాలి. కనీసం మూడు చోట్ల, రబ్బరు వాషర్లు వేసి బిగించు. అరచేత్తో లోపలికి గట్టిగా నొక్కు. స్పోకులకు తగిలిందంటే ఇంకో బోల్టు కావాలి.

కాళ్లు పెట్టుకునే మెట్టు కూర్చునే చోటు నుంచి 45 సెం.మీ. కింద, నేలకు 28-30 సెం.మీ. ఎత్తులో పెట్టు. పక్కకు తిరిగి కూర్చుంటే ఎడమవైపు 30 సెం.మీ. పొడుగు, 10 సెం.మీ. వెడల్పు పలక, బయటి అంచుకు చిన్న పట్టీ. అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటే రెండువైపులా మడిచే ఫుట్‌రెస్టులు. ఒకటి మాత్రం బిగించకముందే చూసుకో: పెడల్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు నీ మడమకూ మీ అమ్మ కాలి వేళ్లకూ మధ్య కనీసం 5 సెం.మీ. ఉండాలి. లేకపోతే తొక్కిన ప్రతిసారీ ఆమెను తంతావు.

అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చోవడమే మేలు. పక్కకు కూర్చుంటే బరువంతా ఎడమకు పోతుంది, నువ్వు దారంతా కుడికి వాలి తొక్కాలి, సడన్ బ్రేకు వేస్తే ఆమె జారిపోతుంది. పంజాబీ డ్రెస్ వేసుకొమ్మని నువ్వు చెబితే వినదు. "బావ చెప్పిండు" అని చెప్పు, వింటుంది.

ఇప్పుడు క్యారియర్. కొన్న అల్యూమినియం క్యారియర్ల మీద మామూలుగా 25 కిలోలు అని అచ్చు ఉంటుంది. సీటు పైపుకు మాత్రమే పట్టుకునే రకం అందులో సగం కూడా మోయదు. వీటి మీద మనిషిని కూర్చోబెట్టడం మాట మరిచిపో. 16 మి.మీ. లావు, 1.6 మి.మీ. మందం ఉన్న ఇనుప పైపుతో చేయించు. క్యారియర్ కాళ్లు ఫ్రేము మీది చిన్న చిల్లులకు కాదు, నేరుగా ఇరుసుకే దిగాలి. కాలి చివర 4 మి.మీ. పట్టీ, దానికి 10 మి.మీ. రంధ్రం. పట్టీ, వాషరు, నట్టు వేశాక ఇరుసు మర రెండు చుట్లైనా బయటికి కనబడాలి. కనబడకపోతే పొడుగు ఇరుసు వేయించు. నట్టు అంచుకు పట్టుకుని ఉంటే చాలదు. వెనక కాళ్ల మధ్య ఏటవాలుగా ఒక పట్టీ తప్పదు. అది లేకపోతే క్యారియర్ కుడి ఎడమలకు ఊగుతుంది, ఆ ఊగుడుకే బోల్టులు లూజవుతాయి. సాధారణంగా బోల్టు బరువుకు తెగదు. లూజయ్యాక వంగి, లేచి, వంగి, లేచి తెగుతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో 8 మి.మీ. బోల్టులు అడుగు. తల మీద 8.8 అని ఉండాలి, అది బోల్టు బలం గుర్తు. నట్లు లోపల నైలాన్ రింగు ఉన్నవి తీసుకో.

వెల్డింగ్ షాపువాడు "ఫ్రేముకే అతికేస్తా, జన్మలో ఊడదు" అంటాడు. ఒప్పుకోకు. ఆ పైపులు పల్చనివి, వేడికి అతుకు పక్కనే బలం పోతుంది, అక్కడే విరుగుతుంది. క్లాంపులే వేయించు.

మీ అమ్మ కూర్చునే సీటు మధ్యలో తాడుకు నట్టు కట్టి వేలాడదీయి. అది వెనక ఇరుసు మీదికి గానీ కొంచెం ముందుకు గానీ రావాలి. వెనక్కి పోయిందంటే ముందు చక్రం తేలిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ నీ మాట వినదు. మీ అమ్మ పట్టుకోవడానికి నీ సీటు వెనక అడ్డంగా ఒక రాడ్డు బిగించు. నీ సీటు స్ప్రింగులది అయితే మార్చెయ్. పట్టు దొరక్క వాటినే పట్టుకుంటారు, గుంతలో పడ్డప్పుడు వేళ్లు నలుగుతాయి.

లేడీస్ ఫ్రేము మంచి ఎంపికే, వెనక మనిషి కూర్చున్నాక జెంట్స్ సైకిల్ ఎక్కాలంటే కాలు ఎటు తిప్పుతావు? కాకపోతే అది కాస్త ఊగుతుంది. పెడల్ ఇరుసు దగ్గర, సీటు కింద, వెనక ఇరుసు దగ్గర పెయింటులో వెంట్రుకంత గీత కనబడినా ఆ ఫ్రేము వాడకు.

బరువులో ఎక్కువ భాగం వెనక చక్రానిదే. డబుల్ వాల్ రిమ్ము, 36 స్పోకులు, మామూలు 14 గేజ్ బదులు 13 గేజ్ (అంకె తగ్గితే స్పోకు లావు). స్పోకులు తెగేది ఎక్కువగా ఫ్రీవీల్ (వెనక చక్రానికి చైన్ పట్టే పళ్ల చక్రం) వైపు, చక్రం మధ్య హబ్బు దగ్గర వంపులో. ఒకటి తెగితే ఆ రోజే మార్పించు, లేకపోతే పక్కవాటి వంతు వస్తుంది. వారం తొక్కాక మళ్లీ బెండు తీయించు. టైరు 1.75 అంగుళాల కంటే సన్నగా వద్దు. గాలి బొటనవేలితో నొక్కి చూడటం చాలదు, గేజ్ పెట్టి టైరు పక్కన రాసిన గరిష్ఠం దాకా కొట్టించు. తక్కువైతే గుంతలో రిమ్ము ట్యూబును కొరుకుతుంది.

ఫ్రీవీల్ 18 పళ్లది ఉంటే 22 పళ్లది వేయించు, చైన్‌కు లింకులు కలపాల్సి వస్తుంది. తొక్కడానికి పెట్టాల్సిన బలం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. కొంచెం నెమ్మదిగా పోతావు, పోనీ.

బ్రేకులు: రిమ్ము ఇనుపదైతే వానలో పట్టు చాలావరకు పోయినట్టే. అల్యూమినియం రిమ్ము, కొత్త రబ్బర్లు, కొత్త కేబుళ్లు, రెండు చక్రాలకూ. లివర్ హ్యాండిల్‌కు ఆనకముందే చక్రం ఆగాలి.

మీ అమ్మకంటే ముందు బియ్యం ఎక్కించు. పాతిక కిలోల బస్తాలు రెండు, పైన పది కిలోలది ఒకటి, తాళ్లతో గట్టిగా కట్టు. వీధిలో నాలుగైదు చుట్లు కొట్టు, స్పీడ్ బ్రేకర్ దాటు, బ్రేకు వేసి చూడు. తర్వాత నట్లన్నీ మళ్లీ బిగించి, నట్టు మీదుగా పట్టీ మీదికి నెయిల్ పాలిష్‌తో గీత గీయి. గీత విరిగి కనబడిన నట్టు కదిలినట్టు. మొదటి నెలంతా రోజూ పొద్దున ఆ గీతలు చూశాకే బయలుదేరు.

మీ అమ్మకు మోకాళ్ల నొప్పి, కదిలే సైకిల్ వెంట పరుగెత్తి ఎక్కలేదు. నువ్వు సీటు దిగి రెండు కాళ్లూ నేల మీద ఆనించి, రెండు బ్రేకులూ పట్టుకో. ఆమె కూర్చుని, కాళ్లు పెట్టి, రాడ్డు పట్టుకుని "ఊ" అన్నాకే కదులు. ఎత్తు వస్తే దిగి నడవండి, పరువేమీ పోదు. గుంత కనబడితే ముందే చెప్పు, వెనక కూర్చున్నవాళ్లకు రోడ్డు కనబడదు. ఇద్దరికీ హెల్మెట్. వాన పడిన రోజు ఆటో.

వెల్డింగ్‌కు పోకముందు ఇరుసు పొడుగు, సీటు ఎత్తు కొలిచి నాకు పంపు. వెనక చక్రం ఫోటో ఎడమవైపు నుంచి ఒకటి, కుడివైపు నుంచి ఒకటి తీయి. గార్డు కొలతలు నేను గీసి పంపుతా. అప్పటిదాకా మీ అమ్మను ఎక్కించుకోకు.

పెద్దనాన్న