పంటి వైద్యం అంటే భయపడేవాళ్ళకి ఏ మత్తు సరిపోతుంది?

కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకోవాలి, సూది చూస్తేనే చెమటలు పడుతున్నాయి, మొత్తం మత్తిచ్చి నిద్రపుచ్చేయరా అని మీరు అడిగారు. ముందు ఆ "మత్తు" సంగతి తేల్చుకుందాం. మనం ఒకే మాటని మూడింటికి వాడేస్తాం. చిగురులో వేసే మత్తింజెక్షన్ ఆ చోటుని మొద్దుబారుస్తుంది, భయాన్ని ఏమీ చేయదు. సెడేషన్ (స్పృహ పోకుండా మనిషిని మగతగా, నిమ్మళంగా ఉంచడం) భయాన్ని తగ్గిస్తుంది కానీ పన్ను తిమ్మిరెక్కదు. జనరల్ ఎనస్థీషియాలో అసలు స్పృహే ఉండదు. కాబట్టి సెడేషన్ తీసుకున్నా చిగురులో ఇంజెక్షన్ తప్పదు. కాకపోతే అప్పుడు దాన్ని అంతగా పట్టించుకోరు. ఇది ముందే తెలియకపోతే "మత్తిచ్చి కూడా సూది గుచ్చారు" అని నొచ్చుకుంటారు.

సెడేషన్‌లో అన్నిటికంటే తేలికైనది నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్. ముక్కు మీద చిన్న మాస్క్ పెడతారు. మొదట ఉత్త ఆక్సిజన్, తర్వాత నైట్రస్‌ని కొంచెం కొంచెంగా పెంచుతారు. ఎక్కువమందికి 30 నుంచి 50 శాతం మధ్య సరిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో వేళ్ళ చివర్లు జివ్వుమంటాయి, ఒళ్ళు వెచ్చగా, తేలిగ్గా అనిపిస్తుంది. అక్కడ ఆగాలి. ఇంకా పెంచితే కడుపులో తిప్పుతుంది, కొందరు వాంతి చేసుకుంటారు. అలా అనిపిస్తే చెయ్యెత్తండి, శాతం తగ్గించగానే సర్దుకుంటుంది. చివర్లో ఐదు నిమిషాలు ఆక్సిజన్ ఒక్కటే ఇవ్వాలి. అది మానేస్తే తలనొప్పి, మగత మిగులుతాయి. డోకు వచ్చే స్వభావం ఉన్నవాళ్ళకి కూడా (నోట్లో అద్దం పెట్టగానే డోకు వస్తుందే, అది) గ్యాస్ బాగా పనిచేస్తుంది. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే మాత్రం దండగ. నోటితో గాలి పీల్చినా, ఆపకుండా మాట్లాడినా అంతే. గర్భం తొలి నెలల్లో ఉన్నవాళ్ళు, విటమిన్ బీ12 లోపం ఉన్నవాళ్ళు, ఈమధ్య కంటి రెటీనాకి ఆపరేషన్ చేసి లోపల గ్యాస్ నింపించుకున్నవాళ్ళు ముందే చెప్పాలి. చివరిది మరీ ముఖ్యం, చూపే పోవచ్చు.

మాత్రల సంగతి వేరు. డయాజిపామ్ గానీ ట్రయాజొలామ్ గానీ చికిత్సకి గంట ముందు వేసుకోమంటారు. వీటితో చిక్కేమిటంటే, గ్యాస్‌లా తగ్గించడం, పెంచడం కుదరదు. ఒకే మోతాదుకి ఒకరు గురక పెడతారు, ఇంకొకరికి చీమ కుట్టినట్టయినా ఉండదు. తరచూ జరిగే పొరపాటు ఇది: ముప్పావు గంట చూసి, ఏమీ అనిపించట్లేదని ఇంకో మాత్ర వేసుకుంటారు, కుర్చీలో కూర్చున్నాక రెండూ కలిసి పట్టేస్తాయి. మద్యం తాగి ఉన్నా, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ వాడుతున్నా ఊపిరి మందగించవచ్చు. నిద్రలో గురకతో ఊపిరి ఆగే జబ్బు ఉంటే తప్పకుండా చెప్పాలి.

రక్తనాళంలోకి ఎక్కించే సెడేషన్ మందు మిడజొలామ్. ఒకటి రెండు మిల్లీగ్రాములు నెమ్మదిగా ఇచ్చి, రెండు నిమిషాలు ఆగి, మనిషిని చూసి, చాలకపోతే మరికాస్త. పెద్ద వయసువాళ్ళకి ఇంకా తక్కువ. "నోరు తెరవండి" అంటే తెరుస్తారు, కానీ తర్వాత చాలావరకు గుర్తుండదు. పని అయిపోయాక "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగేవాళ్ళున్నారు. ఇది చేయించుకునే ముందు మూడు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి: వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడతారా, పన్ను పని చేసే డాక్టర్ కాకుండా నా ఊపిరిని చూసే మనిషి వేరే ఉంటారా, విరుగుడు ఫ్లూమాజెనిల్ దగ్గర ఉందా? విరుగుడు ఇచ్చినా దాని ప్రభావం ముందే అయిపోయి మగత మళ్ళీ రావచ్చు, కాబట్టి వెంటనే ఇంటికి పంపకూడదు. మాత్రకైనా, దీనికైనా వెంట పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. 24 గంటలు బండి నడపడం, సంతకాలు పెట్టడం వద్దు.

జనరల్ ఎనస్థీషియా ఒక్క రూట్ కెనాల్‌కి అతి అని నా అభిప్రాయం.

ఇక మీ పన్ను. సలుపుతున్న కింది దవడ పన్ను అంత సులువుగా మొద్దుబారదు. వాపు ఉన్నచోట ఆమ్లం పెరిగి మత్తుమందు నరంలోకి సరిగ్గా దిగదు. మధ్యలో నొప్పి వస్తే సెడేషన్ పెంచమని అడగకండి, అది తిమ్మిరికి బదులు కాదు. పన్ను పక్కన ఇంకో ఇంజెక్షన్ వేయమనండి. సూది భయానికైతే, చిగురుని గాజ్ గుడ్డతో (పలచటి నూలు గుడ్డ) తుడిచి ఆరబెట్టి, మొద్దుబార్చే జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తడి మీద రాస్తే ఉమ్మిలో కొట్టుకుపోతుంది. మంట ఎక్కువగా మందుని గబగబా తోయడం వల్లే, అందుకని 1.8 మిల్లీలీటర్ల మత్తుమందు కార్ట్రిడ్జ్‌ని (మందు నింపిన చిన్న గొట్టం) నిమిషం పైనే తీసుకుని ఎక్కించమని అడగండి. తర్వాత పది నిమిషాలు ఆగి, కింది పెదవి సగం బరువెక్కిందో లేదో వేలితో తాకి చూసుకోండి. బరువెక్కకపోతే ఆ మాట డ్రిల్లు మొదలుపెట్టక ముందే చెప్పండి. మీకైతే ముక్కు బాగుంటే గ్యాస్, దాంతో పాటు ఈ జెల్ చాలనిపిస్తోంది.