డీటీపీ చేసే అమ్మాయికి స్క్రిప్టింగ్ ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి ఏడాదిన్నరగా అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేస్తోంది. కాలేజీల ప్రశ్నపత్రాలు, గైడ్లు, శుభలేఖలు టైపు చేసి పేజీలు పెడుతుంది. జీతం పెద్దగా లేదు. ఈమధ్య విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన, మా అమ్మాయి సాయంత్రం దాకా కూర్చుని చేసే దిద్దుబాటును ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్‌లో నిమిషంలో చేసి చూపించారట. అప్పటినుంచి గ్రెప్, స్క్రిప్టింగ్ నేర్చుకుంటానని, ల్యాప్‌టాప్ కొనిపెట్టమని అడుగుతోంది. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదేమో ఈ పని మాన్పించి అమీర్‌పేటలో జావా కోర్సులో చేర్పించమంటున్నాడు. డీటీపీకి భవిష్యత్తు ఉందా? టైపింగ్ చేసే పిల్లకు స్క్రిప్టింగ్ ఎందుకు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ముందుగా ఒక మాట. నిమిషంలో అయిపోయిన ఆ పనిని చూసి మీ అమ్మాయి ఆశ్చర్యపోయి ఊరుకోలేదు. అదెలా జరిగిందో తెలుసుకోవాలనుకుంది. నా దగ్గరకు సలహా కోసం వచ్చే పిల్లల్లో ఇలా అడిగేవాళ్లు తక్కువ. ఆ ఆసక్తిని దయచేసి తీసిపారేయకండి.

మీ బావమరిది భయం కూడా ఊరికే వచ్చింది కాదు. టైపింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టమే. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే తెలుగు టైపవుతోంది, అచ్చు పేజీని ఫొటో తీస్తే అక్షరాలు బయటికొస్తున్నాయి. వేళ్ల వేగానికి ఇచ్చే డబ్బు ఇక పెరగదు. కానీ అలా వచ్చిన మేటర్ పుస్తకం కావాలంటే తప్పులు ఏరాలి, హెడ్డింగులు ఒక తీరులో ఉండాలి, ప్రశ్నల నంబర్లు కలవాలి, పేజీలు నిలబడాలి. ఆ పని పోలేదు. చేత్తో చేస్తే వారం పట్టే ఆ పనిని యంత్రంతో ఒక పూటలో చేయించగల మనిషి ఆ రంగంలో నిలుస్తారు. మీ అమ్మాయి అడుగుతున్నది సరిగ్గా ఆ విద్యనే. గ్రెప్ అంటే మాటల్ని వాటి తీరును బట్టి వెతికి మార్చే పద్ధతి, స్క్రిప్ట్ అంటే సాఫ్ట్‌వేర్ చేత పనులు వరసగా చేయించే చిన్న ప్రోగ్రామ్.

ఆమె రోజూ చేసే పనినే తీసుకుందాం. వెయ్యి బిట్ల క్వశ్చన్ బ్యాంకు వచ్చిందనుకోండి. నలుగురు లెక్చరర్లు రాసిచ్చారు. ఒకరు ప్రశ్న నంబరు పక్కన చుక్క పెట్టారు, ఒకరు బ్రాకెట్, మరొకరు హైఫన్, నాలుగో ఆయన ఏమీ పెట్టలేదు. మామూలు ఫైండ్‌లో అయితే ఒకటి పక్కన బ్రాకెట్‌ను వెతకాలి, తర్వాత రెండు పక్కన, ఆ తర్వాత మూడు పక్కన. వెయ్యి దాకా పోవాలి. గ్రెప్‌లో ఒక్క వరుస చాలు: 'పేరా మొదట్లో ఎన్ని అంకెలున్నా పట్టుకో, వాటి వెనక చుక్క ఉన్నా బ్రాకెట్ ఉన్నా హైఫన్ ఉన్నా ఏమీ లేకపోయినా సరే, అంకెల్ని అలాగే ఉంచి పక్కన చుక్క పెట్టు.' ఇదే మాటను గుర్తుల్లో రాస్తాం. పేరా మొదలుకు ^ గుర్తు. అంకె అనడానికి బ్యాక్‌స్లాష్ పక్కన డి అక్షరం. ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ అనడానికి ప్లస్. పట్టుకున్నదాన్ని గుర్తుపెట్టుకోమనడానికి దాని చుట్టూ బ్రాకెట్లు, తిరిగి పెట్టమనడానికి $1. పది పన్నెండు గుర్తులు వంటబడితే రోజువారీ పనిలో చాలావరకు వాటితోనే గడిచిపోతుంది.

ఇది నిన్నమొన్న పుట్టింది కాదు. గ్రెప్ అనే పేరు 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసిన కెన్ థాంప్సన్ రాసిన చిన్న ప్రోగ్రామ్‌ది. ఇన్‌డిజైన్‌లోకి ఈ వెతుకులాట 2007లో సీఎస్3తో వచ్చింది. ఫైండ్ చేంజ్ పెట్టెలో టెక్స్ట్ పక్కనే గ్రెప్ అని ట్యాబ్ ఉంటుంది. మరుసటి ఏడాది సీఎస్4లో గ్రెప్ స్టైల్ వచ్చింది. ఇది ఇంకా మేలు. 'ఇంగ్లిష్ అక్షరం వెనకే వచ్చే అంకెను కిందికి దించి చిన్నది చెయ్యి' అని కెమిస్ట్రీ పేరా స్టైల్లో ఒకసారి రాసి పెడితే, నీటి ఫార్ములాలో హైడ్రోజన్ పక్కనున్న 2 దానంతటదే కిందికి దిగుతుంది. ఈక్వేషన్‌లో ఫార్ములా ముందు వచ్చే 2 మాత్రం కదలదు, ఎందుకంటే దాని ముందు అక్షరం లేదు. రేపు కొత్త ఫార్ములా టైపు చేసినా అంతే. ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, మెటీరియల్ తయారుచేసే చోట ఇదెంత శ్రమ తగ్గిస్తుందో మీ అమ్మాయిని అడగండి, చెబుతుంది.

మరి ఇన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదాన్ని మన సెంటర్లలో ఎందుకు ముట్టుకోలేదు? అసలు అడ్డు ఇక్కడే ఉంది. మన దగ్గర తెలుగు పని పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో స్థిరపడింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. దానికి యూనికోడ్, అంటే ప్రతి భాషలోని అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి, తెలియదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల్ని పెట్టి అతికిస్తాయి. మన కంటికి 'తెలుగు' అని కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అదేదో గజిబిజి ఇంగ్లిష్. దాంట్లో గ్రెప్ పెట్టి 'ఇంగ్లిష్ అక్షరాల్ని పట్టుకో' అంటే మన గుణింతాలే ఊడిపోతాయి. కాబట్టి మీ అమ్మాయి మొదట నేర్చుకోవాల్సింది స్క్రిప్టింగ్ కాదు, యూనికోడ్ తెలుగు. ఇన్‌స్క్రిప్ట్ గానీ మరో యూనికోడ్ కీబోర్డు గానీ అలవాటు చేసుకోవాలి. మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లతో మొదలుపెట్టవచ్చు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలని గుర్తుంచుకోమనండి. లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. చాలామంది 'ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు' అని వదిలేసింది ఈ ఒక్క సెట్టింగ్ దగ్గరే.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇంగ్లిష్ పాఠాల్లో ఇది చెప్పరు. మనం చూసే ఒక అక్షరం కంప్యూటర్‌కు ఒకటి కాదు. 'లక్ష్మీ'లోని 'క్ష్మీ' మనకు ఒక అక్షరం, దానికి ఆరు: క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘపు గుడి. అందుకే 'రామ' అని వెతికితే 'రాముడు'లో కూడా దొరుకుతుంది. అక్కడ 'మ' ఉంది, దాని వెనక కొమ్ము వేరే గుర్తుగా ఉంది. 'రామ'ను 'కృష్ణ'గా మార్చు అని మొత్తానికి చెబితే 'రాముడు' కాస్తా 'కృష్ణుడు' అవుతుంది. ఈ మాటలో అదృష్టవశాత్తూ కుదిరింది, ఇంకో మాటలో అర్థం లేని ముక్క మిగులుతుంది. 'దీని వెనక గుణింతపు గుర్తు గానీ పొల్లు గానీ ఉంటే వదిలెయ్యి' అని షరతు కలపడం గ్రెప్‌లో సాధ్యమే. కానీ ఆ షరతు పెట్టాలని తోచాలంటే తెలుగు అక్షరం ఎలా కట్టుకుంటుందో తెలిసి ఉండాలి. ప్రోగ్రామింగ్ మాత్రమే వచ్చినవారికి ఇది తోచదు, టైపింగ్ మాత్రమే వచ్చినవారికి చేతకాదు. రెండూ తెలిసినవారు చాలా అరుదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు విజయవాడలో ఒక ప్రచురణ సంస్థలో పేజీలు పెట్టేవాణ్ణి. ఒక చరిత్ర పుస్తకంలో సంవత్సరాల మధ్య ఉన్న హైఫన్లను పెద్ద గీతలుగా మార్చాలి. 'రెండు అంకెల మధ్య హైఫన్ ఉంటే గీత పెట్టు' అని రాసి, ఒక్కసారిగా చేంజ్ ఆల్ నొక్కాను. సంవత్సరాలు బాగానే మారాయి. వాటితోపాటు రెండో పేజీలోని ఐఎస్‌బీఎన్ నంబర్లో, ఫోన్ నంబర్లలో కూడా గీతలు పడ్డాయి. ప్రూఫ్ చూసినాయన పట్టుకున్నారు కాబట్టి అచ్చుకు పోలేదు. అప్పట్నుంచి ఫైలుకు కాపీ తీయకుండా, ముందు ఓ ఇరవై చోట్ల ఫైండ్ నెక్స్ట్ కొట్టి కళ్లతో చూడకుండా, ఏ స్టైల్లో వెతకాలో చెప్పకుండా చేంజ్ ఆల్ నొక్కలేదు. మీ అమ్మాయికి ఈ అలవాటు మొదటి రోజు నుంచే రావాలి. వేగం వచ్చాక తప్పు కూడా అంతే వేగంగా పుస్తకమంతా పాకుతుంది.

ఇక స్క్రిప్టింగ్. గ్రెప్ అక్షరాల్ని మారుస్తుంది, స్క్రిప్ట్ పనులు చేయిస్తుంది. ముప్ఫై అధ్యాయాలను ముప్ఫై పీడీఎఫ్‌లుగా తీయడం, ఏ బాక్సులో మేటర్ పట్టక దాక్కుందో పేజీ నంబర్లతో జాబితా ఇవ్వడం, ఫోల్డర్లో ఉన్న రెండొందల బొమ్మల్ని వరసగా పేజీల్లో పెట్టడం. ఇన్‌డిజైన్‌తోపాటే కొన్ని తయారు స్క్రిప్టులు వస్తాయి. విండో మెనూలో యుటిలిటీస్, అందులో స్క్రిప్ట్స్ తెరిస్తే కనిపిస్తాయి. వాటిలో ఫైండ్ చేంజ్ బై లిస్ట్ అనేది ఆమెకు మంచి మొదటి మెట్టు. ఒక టెక్స్ట్ ఫైల్లో 'ఇది వెతుకు, ఇలా మార్చు' అని వరసగా రాసుకుంటే, ఒక్క నొక్కుతో అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. కోడ్ రాయక్కర్లేదు, జాబితా దిద్దుకుంటే చాలు.

సొంతంగా రాసే దశకు వచ్చాక జావాస్క్రిప్ట్ కావాలి. మీ బావమరిదికి ఇక్కడ ఒకటి చెప్పండి: జావా, జావాస్క్రిప్ట్ పేర్లు దగ్గరగా ఉన్నా వేర్వేరు భాషలు. ఇంకో చిక్కు కూడా ముందే చెబుతున్నాను. ఇన్‌డిజైన్‌లో ఏళ్లుగా నడుస్తున్న ఎక్స్‌టెండ్‌స్క్రిప్ట్ 1999 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణం మీద ఆధారపడింది. యూట్యూబ్‌లో కొత్త పద్ధతిలో నేర్చుకున్న కోడ్ అందులో పెడితే ఎర్రర్ వస్తుంది. తనకు రావడం లేదని ఆమె టెన్షన్ పడకూడదు, తప్పు ఆమెది కాదు. 2023 వెర్షన్ నుంచి యూఎక్స్‌పీ అనే కొత్త పద్ధతి వచ్చింది, అందులో నేటి జావాస్క్రిప్ట్ నడుస్తుంది. అయితే మన చుట్టుపక్కల సెంటర్లలో ఇంకా పాత వెర్షన్లే ఎక్కువ, కాబట్టి పాతదీ తెలియాలి.

ఉద్యోగం సంగతికి వస్తాను. 'స్క్రిప్టింగ్ తెలిసినవారు కావలెను' అని విజయవాడ ఏలూరు రోడ్డులో ఎవరూ బోర్డు పెట్టరు. ఇక్కడ ఆమెకు డబ్బు మరో దారిలో వస్తుంది. విజయవాడ ప్రచురణకర్తల దగ్గర, మీ గుంటూరు రచయితల దగ్గర అను ఫాంట్లలో పడి ఉన్న పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. ఈ-బుక్ చేయాలన్నా, వెబ్‌సైట్లో పెట్టాలన్నా, ఇన్‌డిజైన్‌లో మళ్లీ అచ్చు వేయాలన్నా అవన్నీ యూనికోడ్‌లోకి మారాలి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక తప్పులు మిగులుతాయి. అవి పుస్తకమంతా ఒకే తీరున ఉంటాయి కాబట్టి గ్రెప్‌కు సులభంగా చిక్కుతాయి. పేజీకి ఇంత అని మాట్లాడుకుని ఈ పని తీసుకోవచ్చు. నన్నడిగితే ఆమె పేరు తెచ్చుకోవాల్సింది ఇందులోనే. బయటికి వెళ్లగలిగితే చెన్నై, పుదుచ్చేరి, బెంగళూరుల్లో విదేశీ పత్రికలకూ పుస్తకాలకూ పేజీలు కట్టే కంపెనీలున్నాయి. అక్కడ ఎక్స్ఎంఎల్, ఈపబ్ లాంటి ఫైలు పద్ధతులు, ఆటోమేషన్ తెలిసినవారిని టైపిస్టుల లెక్కన చూడరు.

జావా కోర్సు వద్దని నేననడం లేదు. ఆమెకే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద మనసుంటే తప్పకుండా పంపండి. గ్రెప్‌లో నేర్చుకున్న వెతుకులాట జావాలో, పైథాన్‌లో కూడా దాదాపు అదే రూపంలో పనికొస్తుంది. కానీ ఇప్పుడు చేతిలో ఉన్న పని మాన్పించి, ఇష్టం లేని కోర్సుకు ఫీజు కట్టొద్దు. ఆరు నెలలు ఆగండి. ఈలోగా సెంటర్లో తను మూడుసార్లకు మించి చేత్తో చేసిన ప్రతి దిద్దుబాటునూ ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. వాటిలో ఎన్నింటిని గ్రెప్‌లోకి మార్చగలిగిందో నెలకోసారి చూసుకుంటే, ఈ పని ఆమెకు సరిపడుతుందో లేదో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. సెంటర్ యజమానితో కూడా ఒక మాట అనుకోవడం మంచిది. పని తొందరగా అవుతోందంటే మొదట ఆయనకే లాభం, అది చూపించాకే జీతం గురించి అడగాలి.

ఇంట్లో సాధనకు ఇన్‌డిజైన్ అద్దె కట్టక్కర్లేదు. లిబ్రే ఆఫీస్ ఉచితం, దాని వెతికే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ అని టిక్ పెడితే ఇదే విద్య యూనికోడ్ తెలుగు మీద సాధన చేయవచ్చు. కొన్ని గుర్తులు మాత్రం తేడాగా ఉంటాయి. స్క్రైబస్ అనే ఉచిత పేజీ సాఫ్ట్‌వేర్‌లో పైథాన్ స్క్రిప్టులు నడుస్తాయి. ఈ రెండూ మామూలు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తాయి కాబట్టి ఇప్పుడే ఖరీదైనది కొనకండి. ఆరు నెలల తర్వాత ఇన్‌డిజైన్ కోసమే కొనాల్సి వస్తే 8 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 16 ఉంటే పెద్ద పుస్తకాలకు ఇబ్బంది ఉండదు.